ఫోన్ ఎత్తట్లేదా, అసలు మోగట్లేదా?

బల్లమీది ఫోన్ పాడైతే చప్పుడుండదు. ప్రింటర్ ఆగితే ఆఫీసంతా గోల. ఫోన్ మోగకపోతే మాత్రం ‘ఇవాళ కాల్స్ లేవు, హాయి’ అనుకుంటాం. అవతల ఫోన్ చేసినాయనకే తెలుస్తుంది ఆ బాధ.

ఇప్పుడు ఆఫీసుల్లో చాలాచోట్ల ఉన్నవి ఇంటర్నెట్ ఫోన్లు. చూడ్డానికి ఫోన్లే గానీ లోపల చిన్న కంప్యూటర్లు. ఇలాంటి పరికరాల బాగోగులు కనుక్కోవడానికి 1988 నుంచీ ఒక పద్ధతి ఉంది. పేరు సింపుల్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రొటోకాల్, పొట్టిగా ఎస్‌ఎన్‌ఎంపీ. ఒక కంప్యూటర్ కొద్ది నిమిషాలకోసారి ఒక్కోదాన్నీ అడుగుతుంది: ఉన్నావా? ఆన్ అయ్యి ఎంతసేపైంది? అది జవాబిస్తుంది. ఏదైనా తేడా వస్తే పరికరమే ముందుగా కబురు పంపే ఏర్పాటూ ఉంది, దాన్ని ట్రాప్ అంటారు. ట్రాప్ ఒక్కదాన్నే నమ్ముకుంటే చాలదు. కరెంటు అందని ఫోన్ కబురెలా పంపుతుంది చెప్పండి?

నేను నెట్‌వర్క్ చూసిన ఒక నర్సింగ్ హోంలో సాయంత్రాలు ‘ఎంతసేపు చేసినా ఫోన్ ఎత్తరేంటండీ’ అని పేషెంట్ల బంధువులు తగాదా. మాట పడింది రిసెప్షన్‌లో అమ్మాయి. జీతం కోస్తామనేదాకా వెళ్లింది వ్యవహారం. ‘మోగితేగా సార్ ఎత్తేది!’ అంటుంది తను. ఎవరు వింటారు?

ఫోన్లన్నిటినీ ‘ఆన్ అయ్యి ఎంతసేపైంది’ అని అడిగించాను. (ఆ లెక్క సెకనులో నూరోవంతుల్లో వస్తుంది, చూసి కంగారుపడకండి.) మిగతావి వారాలుగా ఆగకుండా నడుస్తున్నాయి. రిసెప్షన్ ఫోన్ మాత్రం రోజూ చీకటిపడ్డాక ఆగి, మళ్లీ మొదటినుంచి లేస్తోంది.

అప్పుడు స్విచ్‌ని అడిగాను. ఈ ఫోన్లకు కరెంటు కూడా నెట్‌వర్క్ తీగలోంచే వస్తుంది. 2003 నాటి ప్రమాణం ప్రకారం ఒక్కో పోర్టుకు 15.4 వాట్లు. 24 పోర్టులకూ నిండుగా ఇవ్వాలంటే దాదాపు 370 వాట్లు కావాలి. చవక స్విచ్‌లు అంత ఇవ్వలేవు. అదే స్విచ్‌కి కొత్తగా కెమెరాలు తగిలించారు. చీకటి పడగానే వాటిలో లైట్లు వెలిగి కరెంటు ఎక్కువ లాగుతాయి. కోటా దాటేసరికి ప్రాధాన్యం తక్కువున్న పోర్టుకి స్విచ్ కోత పెడుతుంది. ఆ పోర్టు రిసెప్షన్‌ది! దాని ప్రాధాన్యాన్ని పైకి మార్చాం, కొన్ని కెమెరాలను వేరే స్విచ్‌కి తీశాం. ఆ అమ్మాయి జీతం జోలికి మళ్లీ ఎవరూ పోలేదు.

మీ ఫోన్ ఎస్‌ఎన్‌ఎంపీకి పలకకపోయినా దిగులొద్దు. చాలా ఫోన్లలో ఆ సదుపాయం ఉండదు, ఉన్నా ఆపేసి ఉంటుంది. స్విచ్‌ని అడిగితే సగం సంగతులు తెలుస్తాయి. మాట స్పష్టంగా వినపడుతోందా అన్నది మాత్రం ఈ పద్ధతి అంత బాగా చెప్పలేదు. దానికి ఫోన్ సర్వర్‌లోని కాల్ రికార్డులు చూడాలి.

ఇది పెట్టించేటప్పుడు మీ టెక్నీషియన్‌ని ఒక్కటి అడగండి. పాత వెర్షన్లలో పాస్‌వర్డ్ లాంటి మాట ఒకటుంటుంది, చాలా పరికరాల్లో అది ‘పబ్లిక్’ అనే వస్తుంది. పైగా నెట్‌వర్క్‌లో ఏ దాపరికమూ లేకుండా ప్రయాణిస్తుంది. మార్పులు చేసే హక్కుకి ‘ప్రైవేట్’ అని ఉంటే మరీ ప్రమాదం, లోపలున్న ఎవరైనా మీటలు తిప్పేయొచ్చు. పరికరం ఒప్పుకుంటే మూడో వెర్షనే పెట్టమనండి, అందులో సమాచారాన్ని గుప్తంగా పంపే వీలుంది. 161 నంబరు పోర్టు బయటి ఇంటర్నెట్‌కి తెరిచి ఉందేమో కూడా అప్పుడే చూపించుకోండి.