రెండో పద్దు పుస్తకం

బొల్లారం అనగానే మా బంధువులందరికీ రాష్ట్రపతి నిలయం జ్ఞాపకం వస్తుంది. "అబ్బో, రాష్ట్రపతిగారి ఇరుగుపొరుగువన్నమాట!" అని వేళాకోళం చేస్తారు. అది సికింద్రాబాదు వైపున్న బొల్లారం. మాది పటాన్‌చెరు వైపు, కర్మాగారాల నడుమ ఉన్న బొల్లారం. పూర్వం మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. ఇక్కడ కోడి కూయకముందే షిఫ్టు సైరను కూస్తుంది. రాష్ట్రపతిగారే దారి తప్పి మా ఇంటికి వస్తే కాఫీ ఇవ్వడానికి నాకేమీ అభ్యంతరం లేదు గాని, ఆ కాఫీకి నీళ్ళు మాత్రం డబ్బాలోవే.

డబ్బా నీళ్ళెందుకంటే, అదొక పెద్ద కథ. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల వ్యర్థజలాలు నక్కవాగులోనూ చుట్టుపక్కల చెరువుల్లోనూ కలిసి, బావులు పాడై, 1990లో ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పల్లెలకు మంచినీళ్ళు అందించండని కోర్టువారే చెప్పవలసి వచ్చింది. ఇదే జిల్లాలోని మంజీర నీళ్ళు 1965 నుంచి హైదరాబాదు దాహం తీరుస్తున్నాయి. మా వీధిలో మాత్రం పొద్దున్నే ఇరవై లీటర్ల డబ్బా కోసం బండి చప్పుడు వినబడుతుందా అని చెవి ఒగ్గి కూర్చుంటాము. నీళ్ళే కొనుక్కునే ఊళ్ళో ఇంక కొననిదేముంటుంది?

మా వారి ఉద్యోగరీత్యా మేమీ ఊరు వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. మా వీధి ఒక చిన్న భారతదేశం. ఎదురింటివారు జహీరాబాదు వైపు వారు. వారింట జొన్నరొట్టె తట్టే చప్పుడు వింటే నాకు పనిమీద ధ్యాస నిలవదు. వెనకవాటాలో బీహారు కుర్రాళ్ళు నలుగురు. ఎండాకాలంలో వేయించిన సెనగపిండిని నీళ్ళలో కలిపి, ఉల్లిపాయా ఉప్పూ నిమ్మరసమూ వేసుకుని తాగి డ్యూటీకి పోతారు. 'సత్తు' అంటారు దాన్ని. పక్కవాటాలో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబం. భర్త మందుల కంపెనీలో కాంట్రాక్టు కూలీ. ఆ ఇల్లాలు రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్న పెరుగూ పచ్చిమిరపకాయా నంజి పెడుతుంది. వారు దాన్ని 'పఖాళ' అంటారు. మొదటిసారి చూసి, "ఓసి, ఇది మన చద్దన్నమే గదా!" అన్నాను. ఆమెకు నా మాట అర్థం కాలేదు గాని నవ్వింది. ఆ నవ్వుతోనే మా స్నేహం మొదలయింది.

వారికొక్కతే కూతురు, తొమ్మిదేళ్ళది. ఇంట్లో ఒడియా, వీధిలో హిందీ, దుకాణంలో తెలుగు మాట్లాడుతుంది. ఆ పిల్లను గురించే ఈ వారం నేను చెప్పదలచుకున్నది.

ఒక సాయంత్రం చేతిలో నూనె పొట్లమూ, వాళ్ళమ్మ పద్దు పుస్తకమూ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "ఆంటీ, దీనిమీద 150 ఉంది. పుస్తకంలో 165 రాసిండు" అన్నది. చూద్దును గదా, దుకాణదారు పుస్తకంలో 'నూనె 1 లీటరు' అని వ్రాసి 165 వేశాడు. పొట్లంమీద ఉన్నది 800 గ్రాములు, ధర 150. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. అంటే సరుకు తక్కువ, దానిమీద పదిహేను రూపాయలు ఎక్కువ. ఇప్పుడు పొట్లాలన్నీ చూడటానికి ఒకే సైజులో ఉంటున్నాయి. లోపల 910 ఉందో, 850 ఉందో, 800 ఉందో మూలనున్న చిన్న అక్షరాలు చదివితేగాని తెలియదు. తల్లికి తెలుగూ రాదు, చదువూ రాదు. పిల్లకు తెలుగు అక్షరాలు రావు గాని, అంకెలకు భాషతో పని లేదు గదా!

నాకు ఆవేశం వచ్చింది. పిల్లను వెంటబెట్టుకుని దుకాణానికి నడిచాను. నాలుగు మాటలు గట్టిగానే అడిగాను. ముద్రించిన ధరకంటే పైసా ఎక్కువ తీసుకున్నా నేరమేనని చెప్పాను. అతను పక్కనున్నవాళ్ళను చూసి, "పొరపాటైందక్కా, గింత దానికి లొల్లెందుకు" అని అంకె దిద్దాడు. నేను గెలిచినదానిలా ఇంటికి వచ్చి, మా వారికి రెండుసార్లు చెప్పి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున్న గోడ అవతల పిల్ల ఏడుపు వినిపించింది. వెళ్ళి చూస్తే తల్లి కూతుర్ని కోప్పడుతున్నది. సంగతేమిటంటే, దుకాణదారు ఆమెతో, "ఇగ నుంచి నగదు పెట్టి కొనుక్కో, ఉద్దెర బంద్" అన్నాడట. జీతం రావడానికింకా పదకొండు రోజులున్నది. ఇంట్లో బియ్యం రెండు పూటలకే ఉన్నాయి. ఆమె నావైపు చూసి, "దీదీ, మీకేం, మీరు డబ్బిచ్చి కొంటారు" అన్నది. అంతే అన్నది. నేను తల దించుకున్నాను.

ఈ పేజీలోనే నేను ఎన్నిసార్లు వ్రాశాను! బిల్లు అడగండి, తూకం చూడండి, గ్యాసు బండ తెచ్చినవాణ్ణి తూచమనండి, లోపలి గ్యాసు 14.2 కిలోలుండాలి అని. అవన్నీ నిజమే. కాని అవి చేతిలో డబ్బు ఆడేవాళ్ళకు చెప్పిన మాటలు. అప్పు పుస్తకంలో పేరున్న మనిషి నోరు విప్పితే, ఆ పూట పొయ్యి వెలగదు. చట్టం దుకాణం గుమ్మం దాకా వస్తుంది గాని, ఉద్దెర పుస్తకంలోకి తొంగిచూడదు.

ఆ మధ్యాహ్నం మళ్ళీ దుకాణానికి వెళ్ళాను, ఈసారి ఒక్కదాన్నే, గొంతు తగ్గించుకుని. అతనూ తన గోడు చెప్పుకున్నాడు. "అక్కా, పోయినేడు మూడు కుటుంబాలు రాత్రికి రాత్రి గది ఖాళీ జేసి పోయినయ్. ఆ పైసలు నాకెవ్వలిస్తరు? బ్యాంకోడు నన్నాగుతడా?" అన్నాడు. అందులోనూ నిజం లేకపోలేదు. పారిపోయినవాడి బాకీ, పారిపోనివాడి నూనెలో కలుస్తున్నదన్నమాట. "అయితే నాయనా, పారిపోని మనిషిని దొంగలెక్కతో ఎందుకు పారదోలుకుంటావు? రోజూ ఎంత తీసుకున్నదో ఆమె దగ్గరా ఒక పుస్తకంలో ఉండనీ. రెండూ సరిపోతే నీకూ ధైర్యమే. ఈ నెలకు పూచీ నాది" అన్నాను. కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు.

ఆ రెండో పుస్తకం వ్రాసే ఉద్యోగం పిల్లకు వచ్చింది. రోజూ తెచ్చిన సరుకు, పొట్లంమీది బరువు, ముద్రించిన ధర, మూడు గడులు గీసి వ్రాసేది. పేర్లు తన భాషలో, అంకెలు మనవి. నేను ఇంకొకటి నేర్పాను. ఈమధ్య వచ్చిన నిబంధనల ప్రకారం పొట్లంమీద గ్రాముకో, కిలోకో, లీటరుకో ఎంత పడుతున్నదీ కూడా వేయాలి. రెండు పొట్లాల్లో ఏది చవక అన్నది ఆ ఒక్క అంకె చూస్తే తేలిపోతుంది. మూడోరోజుకు ఆ పిల్ల నాకే చెప్పింది, నేను కొంటున్న టీపొడి చిన్న పొట్లాలు పెద్ద పొట్లంకంటే ఖరీదని!

"ఏ క్లాసు చదువుతున్నావే?" అని అప్పుడడిగాను. ఇన్నాళ్ళూ అడగనందుకు సిగ్గుపడుతున్నాను. ఏ క్లాసూ లేదట. జూన్ నెలలో తండ్రి ఒక బడికి తీసుకువెళితే, పాత బడి నుంచి బదిలీ పత్రం తెమ్మన్నారట. అది తేవాలంటే రైలెక్కి సొంతూరు పోవాలి. నాలుగు రోజుల కూలి పోతుంది. అందుకని పిల్ల ఇంట్లోనే ఉండిపోయింది. దసరా దగ్గరపడింది, వీధిలో పిల్లలు బతుకమ్మకు తంగేడుపూల కోసం తిరుగుతున్నారు, ఈ పిల్ల బడిమెట్టు ఎక్కనే లేదు.

2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో ఈ సంగతి స్పష్టంగానే ఉన్నది. బదిలీ పత్రం ఆలస్యమైందని ప్రభుత్వ బడిలో పిల్లను చేర్చుకోకుండా ఆపడానికి వీల్లేదు. పుట్టినతేదీ కాగితం లేదనీ కాదనకూడదు. పిల్ల వయస్సుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టి, వెనకబడినది విడిగా నేర్పాలి. ఈ మూడు ముక్కలూ తండ్రికి ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు. దుకాణంలో నోరు మూసుకున్నవాడు బడిలో మాత్రం ఎలా విప్పుతాడు?

తల్లీ పిల్లా నేనూ కలిసి బడికి వెళ్ళాము. ప్రధానోపాధ్యాయురాలు మంచిమనిషి. "ఈ పాపకు ఏమి వచ్చో ఎలా తెలుసుకోనమ్మా? తెలుగు రాదంటున్నారు" అన్నారు. మన రాష్ట్రంలో 2018 చట్టం ప్రకారం బడిలో తెలుగు నేర్పక తప్పదు. 2022 నుంచి సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మాధ్యమమూ వచ్చింది. ఈ పిల్లకు రెండూ పరాయి భాషలే. అప్పుడా పిల్ల సంచీలోంచి తన పద్దు పుస్తకం తీసి బల్లమీద పెట్టింది. ఆవిడ పేజీలు తిప్పి చూశారు. ఉల్లిగడ్డలూ, కందిపప్పూ, సబ్బూ, నూనే. కూడికలన్నీ సరిగ్గా ఉన్నాయి. "నాలుగో తరగతిలో వేస్తానమ్మా, తెలుగు నేను చూసుకుంటాను" అన్నారు.

కథ ఇంతటితో సుఖాంతమని చెప్పను. నెలాఖరుకు ఆ ఇంటి బాకీ ఇంకా నాలుగువందలు మిగిలే ఉన్నది. పూచీ పడ్డాను కనుక దుకాణదారు నన్ను చూసి మరీ మర్యాదగా నవ్వుతున్నాడు. తండ్రి కాంట్రాక్టు మారితే వాళ్ళు ఏ ఊరు పోతారో తెలియదు. అందుకే, ఈసారి వెళ్ళేముందు బదిలీ పత్రం అడిగి తీసుకోమని తల్లికి పదిసార్లు చెప్పాను.

చదువరులకు నా మనవి రెండే. ముద్రించిన ధరకంటే ఎక్కువ అడిగితే, తూకంలో మోసం కనిపిస్తే, 1915 నంబరుకు ఫోనుచేసి ఫిర్యాదు చేయవచ్చు. నగదు పెట్టి కొనేవాళ్ళమే ఆ పని చేయాలి, ఉద్దెరవాళ్ళు చేయలేరు. రెండోది, మీ వీధిలో బడివేళకు ఇంట్లో కనిపించే పిల్ల ఉంటే, ఏ క్లాసని ఒక్కమాట అడగండి. నాలా మూడు నెలలు ఆలస్యం చేయకండి.

నిన్న మధ్యాహ్నం బడినుంచి వస్తూ ఆ పిల్ల మా గుమ్మంలో ఆగి, నీళ్ళ డబ్బామీది తెలుగు అక్షరాలు కూడబలుక్కుని, "మం... చి... నీ... ళ్ళు" అని చదివింది. తరువాత నావైపు తిరిగి, "ఇవి మంచివేనా ఆంటీ?" అని అడిగింది. నేను జవాబు వెతుక్కుంటూండగానే లోపలికి పరుగెత్తింది.