సిటడెల్ చూశారు సరే, ఘాట్ చూశారా?

మారిషస్ వెళ్లే తెలుగు యాత్రికులకు, వారిని తీసుకెళ్లే టూర్ నిర్వాహకులకు విజ్ఞప్తి

పోర్ట్ లూయీ నగరం నడిమి కొండ మీద నల్లరాతి కోట ఉంది. అసలు పేరు ఫోర్ట్ ఎడిలైడ్, వాడుకలో సిటడెల్. ప్యాకేజీ టూర్లలో చాలాసార్లు అది పావుగంట మజిలీ. బస్సు దిగడం, వెనకాల ఓడరేవు కనబడేలా సెల్ఫీ తీసుకోవడం, ఆపైన కాడాన్ వాటర్‌ఫ్రంట్‌లో షాపింగ్. ఈ పద్ధతి మారాలి. కోట కథలో సగం కొండ మీదుంటే, మిగతా సగం కింద రేవులో ఉంది.

బ్రిటిష్ వారు 1834లో కోట కట్టడం మొదలుపెట్టి 1840లో ముగించారు. బానిసత్వం రద్దయితే ఫ్రెంచి సంతతి తోటల యజమానులు తిరగబడతారేమోనని వారి భయం. 1835లో రద్దు అమలైంది, తిరుగుబాటు మాత్రం రాలేదు. కానీ చెరకు తోటలకు కూలీలు కావాలి. వారిని 1834 నుంచే మన దేశం నుంచి ఒప్పందాల మీద ఓడల్లో తేవడం మొదలైంది. 1920 నాటికి అలా వచ్చినవారు దాదాపు 5 లక్షల మంది. గంజాం, విశాఖ, గోదావరి ప్రాంతాల మనవాళ్లూ వారిలో ఉన్నారు. కొందరు ఓడెక్కింది కాకినాడ దగ్గరి కోరంగి రేవులోనే.

పోర్ట్ లూయీ రేవులో ఆ వలసకూలీలను దించిన డిపోయే నేటి ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఇవాళ ఆ దేశంలో ఉగాదికి ప్రభుత్వ సెలవుందంటే, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయంటే, మూలం ఆ కూలీల చెమటే.

కాబట్టి మేము కోరేది:

1. నిర్వాహకులు పోర్ట్ లూయీకి ఒక పూట పూర్తిగా కేటాయించాలి. ముందు కోట, తర్వాత ఘాట్. పైనుంచి రేవును చూపిస్తూ గైడ్ ఈ రెండు కథలూ కలిపి చెప్పాలి. ఘాట్ తెరిచే రోజులు, వేళలు కనుక్కున్నాకే తేదీ ఖాయం చేయాలి.

2. మీ వంశంలో ఎవరైనా మారిషస్ వలసపోయారని పెద్దలు చెబితే పేరు, ఊరు రాసుకుని వెళ్లండి. మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆనాటి వలస రికార్డులున్నాయి.

3. తెలుగు సంఘాలు, రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు కోటకూ ఘాట్‌కూ కలిపి తెలుగులో చిన్న మార్గదర్శిని అచ్చువేయాలి. అక్కడి తెలుగువారినే గైడ్లుగా పెట్టుకోవాలి.

బీచ్‌లకు టైం చాలదంటారా? షాపింగ్‌కు దిగే కాడాన్ నుంచి ఘాట్ నడిచి వెళ్లేంత దూరమే. షాపింగ్‌లో ఒక గంట తగ్గించుకుంటే చాలు.

ఈసారి ఏజెంటు హోటల్ గొప్పలు మొదలుపెట్టగానే ఆపి అడగండి: "ఆప్రవాసీ ఘాట్‌కు ఎంత టైం ఇస్తున్నారు?" జవాబు రాకపోతే అడ్వాన్సు కట్టకండి.