జ్వరమా? ఎక్కడికెళ్లొచ్చారో ముందు చెప్పండి

జ్వరంతో ఓపీకి వచ్చినవారు ఎన్ని రోజులుగా ఉందో, ఏ మాత్ర వేసుకున్నారో అన్నీ చెబుతారు. నెల కిందట ప్రయాణం చేసొచ్చిన సంగతి మాత్రం మేం అడిగితేగానీ బయటికి రాదు. చాలాసార్లు జబ్బు ఆచూకీ దొరికేది అక్కడే.

మా పాతబస్తీలో ఉమ్రాకు వెళ్లొచ్చినవాళ్లు, గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు ఎక్కువ. ఎడారి దేశంలో దోమలేమిటి అనుకుంటారు. కానీ జెడ్డా, మక్కాల్లోనూ డెంగీ ఉంది. బార్కాస్‌లో కొన్ని కుటుంబాలకు తరాల నాటి బంధుత్వమున్న యెమెన్‌లో మలేరియా ఉంది, అదీ ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం. ‘మా పెద్దల ఊరే కదా, మాకేమవుతుంది’ అన్న ధీమా వద్దు. అక్కడే పుట్టినవారికైనా, కొన్నేళ్లు దూరంగా ఉంటే ఆ రక్షణ సన్నగిల్లుతుంది. అంతదూరం దేనికి, సెలవుల్లో వెళ్లే అరకు, పాడేరు వైపూ మలేరియా ఉంది.

రోజుల లెక్క ముఖ్యం. డెంగీ దోమ కుట్టిన 4 నుంచి 10 రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో బయటపడుతుంది. ఆ తర్వాత వస్తే అది అక్కడి డెంగీ కాదు (ఇక్కడి దోమ కుట్టి ఉండొచ్చు, అది వేరే సంగతి). ఫాల్సిపారం సాధారణంగా వారం దాటాక, నెలలోపు వస్తుంది, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానూ. వైవాక్స్ రకమైతే కాలేయంలో దాక్కుని నెలల తర్వాత లేస్తుంది.

ఆఫ్రికా వెళ్లేవారు నారాయణగూడ ఐపీఎంలో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని నిశ్చింతగా విమానమెక్కుతారు. ఆ టీకా మలేరియాను ఆపదు. దానికి మాత్రలు వేరే ఉన్నాయి. రకాన్ని బట్టి ప్రయాణానికి ఒకట్రెండు రోజుల నుంచి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా వారం నుంచి నాలుగు వారాలు వాడాలి. కాబట్టి టికెట్ తీసుకోగానే డాక్టర్‌ను కలవండి. మలేరియా దోమ రాత్రి కుడుతుంది, దోమతెర పనికొస్తుంది. డెంగీ దోమది పగటి వేట. పొడుగు చేతుల చొక్కా, ఒంటికి రాసుకునే దోమల క్రీము పగలూ తప్పవు.

జ్వరమొస్తే పారాసిటమాల్ చాలు. డెంగీ కాదని తేలేదాకా డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు. బొప్పాయి ఆకు రసం కోసం తిరిగే సమయం రక్తపరీక్షకు పెట్టండి. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, మత్తు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రావాలి. డెంగీలో అసలు గండం అప్పుడే. తొలి పరీక్షలో మలేరియా లేదని వచ్చినా జ్వరం వదలకపోతే, ఒకట్రెండు రోజుల్లో మరో రెండుసార్లు చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితమే.