జాబితా వుంది, పుస్తకమేది?

మన విద్యారంగంలో ఈమధ్య ఒక కొత్త నమ్మకం బయలుదేరింది. పుస్తకాలు లేవని, గ్రంథాలయాలు లేవని ఇంకా గోలపెట్టేవాళ్ళు కాలం తెలియనివాళ్ళట. ప్రపంచంలో పేరుమోసిన విశ్వవిద్యాలయాలు తమ తరగతుల్లో ఏ వారం ఏ పుస్తకం చదివిస్తున్నదీ ఆన్‌లైనులో అందరికీ తెలియజేస్తున్నాయట. వజ్రపుకొత్తూరు తీరాన కూర్చున్న కుర్రవాడికీ అమెరికాలో కూర్చున్న కుర్రవాడికీ ఇక తేడా ఏమున్నదని అడుగుతున్నారు. ఈ మాట అధికారంలో వున్న పెద్దలు అంటే ఆశ్చర్యం లేదు. గ్రంథాలయానికి పైసా విదల్చకుండా తప్పించుకోవడానికి వాళ్ళకొక సాకు కావాలి. కాని అభ్యుదయవాదులమని చెప్పుకునే మనలో కూడా, ఉపాధ్యాయుల్లోనూ విద్యార్థుల్లోనూ, ఈ నమ్మకం పాకింది. అందుకే దీన్ని గురించి నిర్మొహమాటంగా మాట్లాడుకోవలసివచ్చింది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చదవవలసిన పుస్తకాల జాబితా వేరు, చదువు వేరు. జాబితాను ధారాళంగా పంచి, పుస్తకాన్ని తాళంవేసి వుంచే ఏర్పాటును విద్యాదానమని పొగడటం ఆత్మవంచన. ఆ తాళం తీయించవలసిన బాధ్యత ఒంటరి విద్యార్థి నెత్తిన పెట్టి, మనం చేతులు దులుపుకోవడం అంతకంటే పెద్ద తప్పు.

ఇతరులను విమర్శించే ముందు నా తప్పు చెప్పుకోవాలి. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు మొదటి సంవత్సరం ముగిశాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. ఊళ్ళోకి పోయి, ఇంటింటా విచారించి, ఒక సమస్యను గురించి నివేదిక రాయాలి. ఉద్దానంలో పుట్టిన విద్యార్థికి సమస్యను వెతుక్కోవలసిన పనిలేదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో మూత్రపిండాల జబ్బు అంటే తెలియనివాళ్ళు లేరు. నా విద్యార్థిని ఒకతె ఆ జబ్బునే ఎన్నుకున్నది. ఆమె తల్లి పలాసలో జీడిపప్పుకు పొట్టు తీసే కూలి. తండ్రి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పోతాడు. ఏమి చదవమంటారని ఆమె నన్నడిగింది. నేను తెలుగు మాస్టరును. నాకు తెలియదు, తెలిసినవారిని అడుగుదాం పద అని చెప్పివుండవలసింది. నామోషీ అడ్డం వచ్చింది. ఒక విదేశీ విశ్వవిద్యాలయంవారి ప్రజారోగ్య పాఠ్యక్రమం వెతికి, అందులోని పుస్తకాల జాబితాను ఆమె ఫోనుకు పంపి, నా పని తీరిందనుకున్నాను.

పదిరోజుల తర్వాత వచ్చింది. "మాస్టారూ, పేర్లయితే అన్నీ వున్నాయి గాని, లోపలేటీ నేదండి" అన్నది. ఇద్దరమూ కూర్చుని ఒక్కొక్కటే తెరిచి చూశాము. పుస్తకం పేరు నొక్కితే కొనమని అంగడి; వ్యాసం పేరు నొక్కితే పది పంక్తుల సారాంశం, దాని కింద ధర. అంతర్జాతీయ పత్రికల్లో ఇటువంటి వ్యాసం ఒక్కటి చదవడానికి 30, 40 డాలర్లు అడగడం మామూలే. మన డబ్బులో సుమారు 3,000 రూపాయలు. జాబితాను పక్కనబెట్టి ఉద్దానం పేరుతోనే వెతికాము. కొన్ని పరిశోధన పత్రాలు పూర్తిగా దొరికాయి. ఆ మాట దాచకూడదు. మరికొన్నిటికి మాత్రం అదే తాళం. ఉద్దానం జనం పరిశోధకులకు రక్తమిచ్చారు, మూత్రమిచ్చారు, తాము తాగే నీళ్ళు సీసాల్లో పట్టి ఇచ్చారు. ఆ పరీక్షల్లో ఏమి తేలిందో చదవాలంటే వాళ్ళ బిడ్డలే డబ్బు కట్టాలి! 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. తేల్చడానికి జరుగుతున్న ప్రయత్నమంతా ఎవరి శరీరాల మీద జరుగుతున్నదో, వాళ్ళకే దాని ఫలితం చదివే హక్కు లేకపోతే దాన్ని ఏ న్యాయమనాలి?

అన్నీ ఉచితంగా రావాలంటే ఎలా, రాసినవాడు బతకవద్దా అని అడిగే మిత్రులున్నారు. రాసినవాడు బతకాలి, కాదనేవారెవరు? కాని పరిశోధన పత్రికల్లో వ్యాసం రాసినవాడికి ప్రచురణకర్త పైసా ఇవ్వడు. రాసినవాడి జీతమూ, పరిశోధన ఖర్చూ సాధారణంగా భరించేది విశ్వవిద్యాలయాలూ ప్రభుత్వాలూ, అంటే ప్రజలు. వ్యాసం బాగోగులు పరీక్షించే తోటి పండితులకూ కూలి లేదు. ప్రజల సొమ్ముతో పండిన పంటను ప్రచురణకర్త తన కొట్లో పోసుకుని, తిరిగి ప్రజలకే అమ్ముతున్నాడు. పాలూ గింజలూ లెక్క తెలిసిన మన ఉద్దానం రైతుకు ఈ వ్యాపారం విప్పిచెప్పనక్కరలేదు.

ఇంతకూ ఆ జాబితాలు ఎవరికోసం తయారైనవి? అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థ 2001లో తన పాఠ్యక్రమాలను ఆన్‌లైనులో ప్రపంచానికి తెరుస్తానని ప్రకటించింది. అది మంచిపని, దానివల్ల ఎంతోమంది బాగుపడ్డారు. కాని తన జాబితాల్లో వుండే ఇతరుల పుస్తకాలను పంచిపెట్టే హక్కు ఆ సంస్థకు లేదు. అక్కడి విద్యార్థికి జాబితా చేతికి వచ్చేసరికి దాని వెనక గ్రంథాలయం వుంది, అడిగితే వెతికిపెట్టే గ్రంథపాలకుడున్నాడు, చందా కట్టిన పత్రికలున్నాయి. జాబితా ఆ ఇంటి గుమ్మం మాత్రమే. మనకు పెళ్ళి శుభలేఖ అందింది. పందిట్లో మన విస్తరి లేదు.

ఇది పరాయి దేశపు సంగతే కదా అనుకుంటే పొరపాటు. స్వయం అనే పేరుతో మన కేంద్రప్రభుత్వం ఆన్‌లైను కోర్సుల వేదికను 2017లో ప్రారంభించింది. విద్యార్థి సంపాదించవలసిన క్రెడిట్లలో 20 శాతం దాకా ఆ కోర్సులనుంచి తెచ్చుకోవచ్చునని యు.జి.సి. 2016లో నిబంధన చేసింది. 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. అక్కడ పాఠాలు వినడానికి డబ్బు అడగరు, సంతోషమే. కాని పాఠం చివర చూడవలసిన గ్రంథాల పట్టికలోని పుస్తకాలు ఎవరు తెచ్చిపెడతారు? కళాశాలలో ఖాళీగా వున్న లెక్చరరు పోస్టును నింపకుండా, అల్మారాలో పుస్తకం కొనకుండా, ఆన్‌లైనులో వుందిగదా అని చెప్పడానికి ఈ 40 శాతం ఎంత అనువైన సాధనమో ఆలోచించండి.

తాళాల సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. ఒకే దేశం, ఒకే చందా అనే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలు. సుమారు 13,000 పత్రికలు. దీనివల్ల ప్రభుత్వ కళాశాల విద్యార్థికి మేలు జరిగే మాట నిజం. ఆ మేలును గుర్తించి, ప్రతి ప్రభుత్వ కళాశాలలోనూ లాగిన్ ఇప్పించి, వాడుకోవడం నేర్పాలి. అయితే దాని హద్దులు కూడా గుర్తించాలి. అవి పత్రికలు, జాబితాలో సగానికి సగం వుండే పుస్తకాలు కావు. ఆ చందా ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు కళాశాలలో చదివే పేద విద్యార్థి గుమ్మం బయటే. అన్నిటికంటె ముఖ్యంగా, తాళం తీయించడానికి మనం ధర చెల్లించాము గాని తాళం మీద వాళ్ళ హక్కును ప్రశ్నించలేదు.

తాళం తీసినా మరొక ప్రశ్న మిగులుతుంది. జాబితాలో ఏముంది, ఏమి లేదు? డిగ్రీ విద్యార్థులందరికోసం యు.జి.సి. రూపొందించిన పర్యావరణ అధ్యయనాల పాఠ్యక్రమం చూడండి. పర్యావరణ ఉద్యమాలంటూ అది చెప్పేవి చిప్కో, సైలెంట్ వ్యాలీ, రాజస్థాన్ బిష్ణోయీలు. చదవవలసిన పుస్తకాల్లో రేచెల్ కార్సన్ వున్నది, గాడ్గిల్, గుహ వున్నారు. అందరూ చదవవలసినవాళ్ళే. కాని ఆ జాబితా అంతా ఇంగ్లీషే. సోంపేట బీలలో థర్మల్ కేంద్రం వద్దని పోరాడిన రైతుల మీద 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. టెక్కలికి దగ్గర్లో కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరిలో మళ్ళీ అదే జరిగింది. ఆ బీల గట్టున పుట్టిన పిల్ల పర్యావరణ ఉద్యమమంటే హిమాలయాల్లో జరిగేదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటున్నది. జాబితా చేసేవాడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడో దాన్నిబట్టి జాబితా వుంటుంది. ఈ సత్యం మన ప్రాంతానికి కొత్త కాదు. పాఠ్యపుస్తకాల భాష ఎవరి భాష కావాలని గిడుగు రామమూర్తి పోరాడింది, 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసింది ఇందుకే. పాఠ్యప్రణాళిక రాజకీయమని వాళ్ళకు తెలుసు, మనం మరిచిపోయాము.

ఇక్కడ రెండు రకాల మిత్రులతో పేచీ పెట్టుకోక తప్పదు. మొదటిరకం మిత్రులు, తాళాలున్నా దొడ్డిదారి వుందిగదా, ఏ పుస్తకమైనా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది అంటారు. అవసరంలో ఆ దారిన పోయిన విద్యార్థిని నేను తప్పుపట్టను. కాని దాన్ని సిద్ధాంతం చేయకండి. సై-హబ్ మీద 2020లో ప్రచురణ సంస్థలు ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. 2025లో దాన్ని మన దేశంలో ఆపివేయమని కోర్టు ఆదేశించింది. ఒక్క ఉత్తరువుతో మూతపడే దారిని హక్కు అనుకోవడం ఎంత ప్రమాదమో చూశాం.

రెండోరకం మిత్రులు, ఈ ఆన్‌లైను చదువంతా సామ్రాజ్యవాదుల మాయ, దాన్ని ముట్టుకోకూడదంటారు. వీళ్ళది విప్లవంలా వినిపించే బద్ధకం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో మన దేశంలో వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. ఆ సైటు తర్వాత మూతపడినా, పుస్తకాలు చాలామట్టుకు ఇంటర్నెట్ ఆర్కైవులో బతికివున్నాయి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తప్పులతడకగా ఎక్కించడంవల్ల వెతికేవాడికి దొరకవు. వాటిని వెలికితీసి, పేర్లు సరిచేసి, మన పాఠాలకు జతచేయడం తెలుగు లెక్చరర్లు చేయగల పని. మనం చేశామా? ఆవేశపడటం మినహా ఏమి చేశాము? మన సంఘాలు కూడా తప్పక చదవవలసిన పుస్తకాలని కరపత్రాల్లో జాబితాలు వేస్తాయి. వాటిలో ఎన్ని పుస్తకాలు మన కార్యాలయం బీరువాలో వున్నాయి?

చేసినవాళ్ళు లేకపోలేదు. బడిపంతులు కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా పేరు రాసుకోవడంతో ఆయన ఆగలేదు. ఆ కథ వున్న పత్రికను సంపాదించి బీరువాలో పెట్టారు. ఇప్పుడు వేలకొద్దీ కథలు వెబ్‌సైటులో ఎవరైనా చదువుకోవచ్చు. జాబితా వెనక పుస్తకం వుండాలనే సూత్రానికి మన జిల్లాలోనే ఇంతటి నిదర్శనం వుండగా, మనం అమెరికా జాబితాలను ఫోన్లలో పంచుకుంటున్నాము.

చట్టంలోనూ మనకు కొంత చోటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠ్యభాగాలను జిరాక్సు తీసి కట్టలుగా అమ్ముతున్న ఒక చిన్న దుకాణం మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012లో దావా వేశాయి. విద్యార్థులూ అధ్యాపకులూ సంఘాలుగా ఏర్పడి ఆ దావాలో నిలబడ్డారు. బోధనకోసం పాఠ్యభాగాలను ప్రతులు తీయడం 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ కింద నేరం కాదని 2016లో హైకోర్టు తీర్పు చెప్పింది. 2017లో ప్రచురణకర్తలు దావా మానుకున్నారు. ఆ సెక్షన్ పలాసకూ వర్తిస్తుంది, టెక్కలికీ వర్తిస్తుంది. మన కళాశాలల్లో ఎంతమంది దాన్ని వాడుకున్నారు?

కనుక మనం చేయవలసినవి ఇవి. దొరికే దారి చూపకుండా ఏ అధ్యాపకుడూ పుస్తకం పేరు జాబితాలో రాయకూడదు. ఆన్‌లైను జాబితా విద్యార్థి చేతికి వచ్చినప్పుడు ఒంటరిగా కుస్తీపట్టకుండా, పదిమంది కలిసి పేర్లు పంచుకుని, ఏది ఉచితంగా వుంది, ఏది లాగిన్‌తో వస్తుంది, ఏది అసలు దొరకదు అని విడదీయాలి. దొరికినదాని సారాంశం తెలుగులో రాసి తర్వాతి తరగతికి అందించాలి. దొరకనివాటి పట్టికను ప్రిన్సిపాలు ముందూ, ఎచ్చెర్లలోని విశ్వవిద్యాలయం ముందూ, అవసరమైతే వీధిలోనూ పెట్టాలి. మన ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాము. ఆ సొమ్ము ఊరి గ్రంథాలయానికి చేరుతున్నదో లేదో మునిసిపాలిటీనీ పంచాయతీనీ నిలదీయాలి. 1940లో అఖిల భారత కిసాన్ సభ జరిగిన పలాసకు, అడగడం ఒకరు నేర్పాలా?

ఆ విద్యార్థిని తన నివేదిక పూర్తిచేసింది. నలభై ఇళ్ళు తిరిగింది. ఎవరు ఏ బావినీళ్ళు ఎన్నేళ్ళు తాగారు, మందులకు ఎంత అప్పుచేశారు, ఎవరు డయాలసిస్ మధ్యలో మానుకున్నారు, ఎందుకు మానుకున్నారు అని రాసింది. ఆమె రాతలో వ్యాకరణ దోషాలున్నాయి, దిద్దాను. ఈ ఏడు కొత్త విద్యార్థులకు నేనిచ్చే జాబితాలో మొదటి పేరు ఆమె నివేదికది. పేరు ఒక్కటే కాదు, నాలుగు ప్రతులు గ్రంథాలయంలో వున్నాయి. మీ కళాశాలలో మీ జాబితా మొదటి పేరు ఏది? దాని ప్రతి ఎక్కడుంది?