తెలంగాణ ఆర్టీసీ విద్యుత్ బస్సుల వివాదం

తెలంగాణలో విద్యుత్ బస్సులు ఎవరి ఆస్తిగా ఉండాలన్న విషయమై ప్రభుత్వానికి, ఆర్టీసీ కార్మిక సంఘాలకు మధ్య తలెత్తిన వివాదమిది. 2023 మే 16న హైదరాబాదు - విజయవాడ మార్గంలో ఈ-గరుడ బస్సులు ప్రారంభమయ్యాయి. ఈ మార్గం సూర్యాపేట, మునగాల, కోదాడల మీదుగా సాగుతుంది.

విద్యుత్ వాహనాలను ఏ పక్షమూ కాదనలేదు. 2020లో తెరాస ప్రభుత్వం రోడ్డు పన్ను మినహాయింపును మొదటి 2 లక్షల ద్విచక్ర వాహనాలకు, 5,000 సొంత కార్లకు పరిమితం చేయగా, 2024 నవంబరులో కాంగ్రెసు ప్రభుత్వం ఆ పరిమితిని ఎత్తివేసింది.

అసలు తగవు బస్సుల దగ్గరే. ఒప్పందం ప్రకారం బస్సు, డ్రైవరు, మరమ్మతు ప్రైవేటు సంస్థవి. ఆర్టీసీ కిలోమీటరుకు ఇంతని చెల్లించి టిక్కెట్ల రాబడి తీసుకుంటుంది. కోటి రూపాయలు దాటే బస్సును అప్పుల్లో ఉన్న ఆర్టీసీ కొనగలదా అన్న ప్రశ్న సహేతుకమే. అయితే కేంద్రం ఫేమ్-2 పథకంలో రాయితీని ఈ అద్దె పద్ధతికే ఇచ్చింది. సొంతంగా కొనదలచిన సంస్థకు ఆ దారి మూసుకుపోయింది. ఇలాంటి బస్సులు పెరిగేకొద్దీ డిపోలలో తమకు పని తగ్గుతుందని కార్మికుల ఆందోళన. 2019లో 52 రోజులు సమ్మె చేసినవారికి ఈ భయం కొత్తది కాదు.

విద్యుత్ బస్సులను ఆర్టీసీయే కొని నడపాలన్న కోరికను సంఘాలు 2025 జనవరి నాటి సమ్మె నోటీసులో చేర్చాయి. మే 7న మొదలుకావలసిన సమ్మె, రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్‌తో చర్చల అనంతరం వాయిదా పడింది.