వాతరక్తము: రోగికి తెలియవలసినది

కాలి బొటనవ్రేలు రాత్రికి రాత్రి వాచి, దుప్పటి తగిలినను ఓర్వరాని బాధ కలిగించు వ్యాధిని ఆయుర్వేదము వాతరక్తమనినది. పాశ్చాత్య వైద్యము గౌటనుచున్నది. రక్తమున యూరికామ్లము హెచ్చి కీళ్ళలో సూదులవంటి స్ఫటికములుగా పేరుకొనుటయే దీనికి హేతువు.

సిద్దిపేట జిల్లా కోహెడవంటి సీమలలో దీనిని కీళ్ళవాతమని సరిపెట్టుకొనుట కద్దు. వారము పది దినములలో నొప్పి తగ్గును. రోగి మందు మానును. స్ఫటికములు మాత్రము కీళ్ళలోనే యుండి క్రమముగా వానిని చెరచును. నొప్పిమాత్రలను విచ్చలవిడిగా మ్రింగినచో మూత్రపిండములకు హాని.

1966 నుండి వాడుకలోనున్న అల్లోప్యూరినాలు యూరికామ్లమును తగ్గించును. దానిని డెసిలీటరునకు 6 మిల్లీగ్రాములకు లోబడి నిలుపుటకు మందును ఏండ్ల తరబడి వాడవలెను. ఆరంభమున నొప్పి తిరుగబెట్టవచ్చును. ఈ సంగతి ముందు చెప్పనిచో రోగి మందునే నిందించి విడుచును. ఆ తప్పు రోగిది కాదు, చెప్పనివారిది.

కల్లు మానుమని చెప్పి పంపుట చాలదు. వంశమును, మూత్రపిండముల దౌర్బల్యమును గూడ హేతువులే. ప్రతి ప్రభుత్వ వైద్యశాలయందును మందుతోపాటు తేటతెలుగున ముద్రించిన పత్రము నీయవలెను; చదువురానివారికి చదివి వినిపింపవలెను. తెలిసిన రోగియే మందును విడువక వాడును.