డబ్బా మీద 4కె, తెర మీద 480: కొనేవాడికి తెలుసుకునే హక్కు లేదా?

(ఎస్సే పేపర్, జీఎస్‌-2 వినియోగదారుల హక్కులు, జీఎస్‌-3 టెక్నాలజీ, మార్కెట్లు)

సంక్రాంతికి ఇంటికి వెళ్లగానే నాన్న చెప్పిన మొదటి మాట: "కంటి ఆపరేషన్ సరిగా కుదరలేదేమో రా." రెండు నెలల కిందటే ఆయనకు శుక్లాలు తీశారు. పేపరు చదువుతున్నారు, బస్సు మీద ఊరి పేరు దూరం నుంచే చదువుతున్నారు. టీవీలో సినిమా పెడితే మాత్రం మొహాలు అలికినట్టు కనిపిస్తున్నాయట. నేను వెళ్లేసరికే మళ్లీ డాక్టరుకు చూపించుకుని వచ్చారు. కన్ను బాగానే ఉందని ఆయన చెప్పినా నాన్నకు నమ్మకం కుదరలేదు. తనకూ అలాగే కనిపిస్తోందని అమ్మ అంటే, "నీకూ శుక్లాలు మొదలై ఉంటాయి" అన్నారట.

మా ఇంట్లోది ఐదేళ్ల కిందటి 43 అంగుళాల 4కె టీవీ. అందులోని యాప్‌లు మొరాయిస్తుంటే నాన్న టౌన్‌లో రెండున్నర వేలు పెట్టి ఒక స్ట్రీమింగ్ బాక్స్ కొన్నారు. అట్ట మీద బంగారు రంగులో ‘4కె అల్ట్రా హెచ్‌డీ’ అని ఉంది. నెలనెలా కడుతున్నది కూడా ఓటీటీలో అన్నిటికన్నా ఖరీదైన 4కె ప్లానే. రిమోట్ నొక్కితే టీవీ మూలన ‘2160’ అని చూపిస్తోంది. అన్నీ సరిగానే ఉన్నట్టు కనిపిస్తోంది. డీఆర్‌ఎం ఇన్ఫో అనే ఉచిత యాప్ వేసి చూశాక అసలు విషయం తెలిసింది. ఆ బాక్స్‌కు ఉన్నది వైడ్‌వైన్ ఎల్‌3 స్థాయి మాత్రమే. ఓటీటీ నుంచి దానికి వస్తున్నది 480పీ చిత్రం. దాన్నే బాక్స్ సాగదీసి 2160 అని టీవీకి పంపుతోంది.

మంచి బాక్స్ ఏది అన్నది వినడానికి షాపింగ్ ప్రశ్నలా ఉంటుంది. నా దృష్టిలో ఇది పాలనకు సంబంధించిన ప్రశ్న. మార్కెట్ సమాచారం దాచినప్పుడు కొనేవాడు సరుకును అనుమానించడు, తనను తాను అనుమానించుకుంటాడు. మా నాన్న తన కంటినే అనుమానించారు.

చిత్రం నాణ్యత ఎక్కడ తేలుతుంది?

‘4కె’ అంటే 3840×2160 చుక్కలు, సుమారు 83 లక్షలు. ఫుల్ హెచ్‌డీలో సుమారు 20.7 లక్షలు. 480పీలో నాలుగు లక్షల పైచిలుకు. అంటే మా నాన్న కొన్న దానిలో ఇరవయ్యో వంతు ఆయనకు అందుతోంది. అయితే చుక్కల సంఖ్య ఒక్కటే నాణ్యత కాదు. మంచి బాక్స్‌ను మామూలు బాక్స్‌నుంచి వేరు చేసేవి అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి, లేదా అసలు ఉండవు.

మొదటిది, తాళం. సినిమాను కాపీ కొట్టకుండా ఓటీటీ సంస్థలు దాన్ని తాళం వేసి పంపుతాయి. ఆండ్రాయిడ్ పరికరాల్లో ఆ తాళం పేరు వైడ్‌వైన్. చిప్‌లోని భద్రమైన భాగంలో తాళం తెరుచుకుంటే అది ఎల్‌1, మామూలు సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటే ఎల్‌3. ఎల్‌3 పరికరానికి పెద్ద ఓటీటీలు సాధారణంగా ఎస్‌డీ నాణ్యతే ఇస్తాయి. కొన్ని యాప్‌లు ఎల్‌1తో పాటు తమ సొంత ధ్రువీకరణ కూడా అడుగుతాయి.

రెండోది, కోడెక్. అంటే వీడియోను కుదించి పంపే పద్ధతి. పాత హెచ్‌.264తో పోలిస్తే 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీకి అదే నాణ్యతకు దాదాపు సగం డేటా చాలు. 2018లో వచ్చిన ఏవీ1ను రాయల్టీ లేకుండా వాడుకునేలా రూపొందించారు. నెట్ నెమ్మదిగా ఉండే పల్లెల్లో బాక్స్‌కు ఏవీ1 తెలుసా లేదా అన్నది పట్నంలో కంటే ముఖ్యమైన ప్రశ్న.

మూడోది, కదలిక. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. మన టీవీ ప్రసారాలు 50 లెక్కన నడుస్తాయి. చాలా బాక్స్‌లు మాత్రం అన్నిటినీ 60కి మార్చి పంపుతాయి. 24ను 60లో సర్దడానికి ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతిదాన్ని రెండుసార్లు చూపించాలి. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే షాట్‌లో చిత్రం కుదుపులుగా కదిలేది అందుకే. వీడియో వేగాన్ని బట్టి టీవీ వేగాన్ని మార్చే సౌకర్యం కొన్ని బాక్స్‌లలోనే ఉంటుంది. ఉన్నవాటిలో కూడా సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాల్సి రావచ్చు. హెచ్‌డీఆర్ సంగతీ అంతే. మామూలు వీడియోను కూడా బలవంతంగా హెచ్‌డీఆర్‌గా పంపే బాక్స్‌తో రంగులు పాడవుతాయి.

నాలుగోది, డేటా ప్రవాహం. 4కె చూడటానికి 15 మెగాబిట్ల కనెక్షన్ ఉండాలని నెట్‌ఫ్లిక్స్ సూచిస్తుంది. అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే డిస్క్‌లో అదే 4కె చిత్రం 128 మెగాబిట్ల దాకా పోవచ్చు. రెండింటి మీదా ‘4కె’ అనే రాసి ఉంటుంది. సొంత హార్డ్‌డిస్క్‌లోని పెద్ద ఫైళ్లు నెట్‌వర్క్ ద్వారా ఆడించుకునేవారికి 100 మెగాబిట్ల ఈథర్‌నెట్ పోర్ట్ చాలకపోవచ్చు. ఓటీటీ మాత్రమే చూసేవారికి అది ఎక్కువే.

అందరికీ ఖరీదైన బాక్స్ కావాలా?

అక్కర్లేదు. ఇది కూడా నిజాయితీగా చెప్పాలి. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు వివరాన్ని వేరు చేయగలదు. ఆ లెక్కన 43 అంగుళాల టీవీలో ఫుల్ హెచ్‌డీ చుక్కలు ఐదున్నర అడుగుల తర్వాత కంటికి విడిగా తెలియవు. పదడుగుల దూరంలో కూర్చునే మా ఇంటికి ఫుల్ హెచ్‌డీ సరిపోతుంది. కానీ 480పీ చుక్కలు అదే టీవీలో పన్నెండు అడుగుల దాకా కంటికి దొరికిపోతాయి. అంటే మా నాన్న కన్ను చూడాల్సిందే చూసింది. కొత్త లెన్స్ బాగా పనిచేసింది కాబట్టే బాక్స్ లోపం బయటపడింది.

కాబట్టి కొనేముందు ఆలోచన టీవీ సైజు, కూర్చునే దూరం, చూసే యాప్‌లు, ఇంట్లో నెట్ వేగం దగ్గర మొదలవ్వాలి. ఆపిల్ టీవీ 4కె, ఫైర్ టీవీ స్టిక్ 4కె, గూగుల్ టీవీతో వచ్చే బాక్స్‌లు... ఏది తీసుకున్నా ఈ నాలుగింటితో సరిపోల్చుకున్నాకే ధర చూడాలి.

అసలు సమస్య: చేదు నిమ్మకాయల బజారు

జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల మార్కెట్‌ను ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశారు. సరుకు మంచిచెడ్డలు అమ్మేవాడికే తెలిసి కొనేవాడికి తెలియకపోతే, మంచి సరుకుకు తగిన ధర రాదు. మంచి సరుకు అమ్మేవాళ్లు తప్పుకుంటారు, నాసిరకం మిగులుతుంది. అసమాన సమాచారం మీద చేసిన పరిశోధనకు 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. స్ట్రీమింగ్ బాక్స్‌ల బజారు ఈ సిద్ధాంతానికి చక్కటి ఉదాహరణ. ఎల్‌1 ధ్రువీకరణకు ఖర్చు పెట్టిన కంపెనీ అట్ట మీదా ‘4కె’, పెట్టని కంపెనీ అట్ట మీదా ‘4కె’. కొనేవాడికి తేడాగా కనిపించేది ధర ఒక్కటే.

నష్టం చిత్రంతో ఆగదు. ధ్రువీకరణ లేని చౌక ఆండ్రాయిడ్ బాక్స్‌లలో కొన్ని మాల్‌వేర్‌తోనే ఇంటికి వస్తున్నాయని 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. బ్యాడ్‌బాక్స్ 2.0 అనే ఆ బాట్‌నెట్‌లో కోటికి పైగా పరికరాలు చిక్కుకున్నాయంటూ జులైలో గూగుల్ న్యూయార్క్ కోర్టుకు వెళ్లింది. అనుమతి లేకుండా వీక్షకుల సమాచారం సేకరించినందుకు విజియో అనే టీవీ కంపెనీ 2017లో అమెరికాలో 22 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. హాల్లో పెట్టుకున్న డబ్బా మనం చూసేదే కాదు, మనల్ని చూసేది కూడా కావచ్చు.

పోటీ కోణం కూడా ఉంది. ఆండ్రాయిడ్ టీవీ విషయంలో గూగుల్ షరతుల మీద కాంపిటీషన్ కమిషన్ 2021లో విచారణకు ఆదేశించింది. 2025 ఏప్రిల్‌లో 20.24 కోట్ల రూపాయలతో అది సెటిల్‌మెంట్‌గా ముగిసింది. 2023 సవరణతో చట్టంలోకి వచ్చిన సెటిల్‌మెంట్ పద్ధతి కింద తేలిన మొదటి కేసు ఇదే. (ప్రిలిమ్స్‌కు గుర్తుపెట్టుకోండి.)

ఎదుటి వాదన

"తాగునీరు లేని ఊళ్లున్న దేశంలో టీవీ స్పష్టత గురించి ప్రభుత్వం పట్టించుకోవాలా?" అని మా రూమ్మేట్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ డబ్బున్నవాడు ఈ మోసంలో పడడు, తిన్నగా ఖరీదైన బాక్స్ కొంటాడు. రెండు మూడు వేలు కూడబెట్టి కొనేవాడే పడతాడు. పైగా ఇప్పుడు టీవీ వినోదం కోసమే కాదు. పిల్లల పాఠాలు, మన కోచింగ్ క్లాసులు కూడా అందులోనే. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ ఇస్తామన్నది ఆ ఆలోచనతోనే. ఇంటి గడప దాకా ఫైబర్ వేసి, చివరి అడుగు దగ్గర నాసిరకం డబ్బా పెడితే ఆ పెట్టుబడి ఫలం ప్రజలకు పూర్తిగా అందదు.

"నియంత్రణ పెంచితే ధరలు పెరుగుతాయి" అన్నది రెండో వాదన. నిజమే, ప్రతి బాక్స్‌కూ ఎల్‌1 తప్పనిసరి చేస్తే పెరగవచ్చు. నేను అడుగుతున్నది అది కాదు. 480పీ బాక్స్ అమ్మొద్దని కాదు, 480పీ అని చెప్పి అమ్మమని. సినిమా తీసినవాడికి తన సరుకుకు తాళం వేసుకునే హక్కు ఉంది. ఆ తాళం ఈ డబ్బాలో తెరుచుకోదని ముందే తెలుసుకునే హక్కు కొనేవాడికీ ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సరుకు నాణ్యత, పరిమాణం, ప్రమాణం, ధర తెలుసుకోవడాన్ని హక్కుగానే గుర్తించింది. హక్కు పుస్తకంలో ఉంది, అట్ట మీదికి రావాలి.

ఏం చేయాలి?

1. ఫ్రిజ్, ఏసీల మీద బీఈఈ నక్షత్రాలు ఉన్నట్టే స్ట్రీమింగ్ బాక్స్‌ల మీద ‘చిత్ర లేబుల్’ ఉండాలి. గరిష్ఠ నాణ్యత, తాళం స్థాయి, కోడెక్‌లు తెలుగు సహా ప్రాంతీయ భాషల్లో రాయాలి. నక్షత్రాలు వచ్చాక కరెంటు లెక్కలు తెలియని అమ్మలు కూడా ఫ్రిజ్ ఎంచుకోగలుగుతున్నారు.

2. భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారో అట్ట మీద ఉండాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఆ వ్యవధి ప్రకటించడం చట్టప్రకారం తప్పనిసరి. 2015లో వచ్చిన ఎన్విడియా షీల్డ్‌కు పదేళ్ల దాకా అప్‌డేట్లు అందాయి. అంటే కంపెనీ తలచుకుంటే సాధ్యమే.

3. 4కె ప్లాన్‌కు డబ్బు తీసుకునే ముందే "మీ పరికరంలో ఇంతవరకే కనిపిస్తుంది" అని ఓటీటీ యాప్ చెప్పాలి. పరికరం స్థాయి యాప్‌కు తెలుసు, తెలుసు కాబట్టే 480పీ పంపుతోంది. తెలిసి చెప్పకపోవడం నైతికంగానూ తప్పే. (ఎథిక్స్ పేపర్‌లో పారదర్శకతకు ఉదాహరణగా వాడుకోవచ్చు.)

4. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయగలదు. ‘4కె’ ముద్రల విషయంలో ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా తానే కదలాలి. మనవంతుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయడం అలవాటు చేసుకోవాలి.

5. డీటీహెచ్, కేబుల్ సెట్‌టాప్ బాక్స్‌లు ఏ ఆపరేటర్‌తోనైనా పనిచేసేలా ఉండాలని ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫార్సు చేసింది. ఆ స్ఫూర్తి స్ట్రీమింగ్ బాక్స్‌లకూ వర్తించాలి. డబ్బా ఎవరిదైనా, కట్టిన డబ్బుకు తగిన చిత్రం రావాలి.

ముగింపు

దుకాణదారు బాక్స్ వెనక్కి తీసుకోలేదు. "4కె సిగ్నల్ వస్తోంది కదా సార్" అని టీవీ మూలన ఉన్న 2160 అంకె చూపించాడు. అతను అబద్ధం ఆడలేదు, అతనికీ తెలియదు. అట్ట మీద ఏముందో అదే చదివి అమ్మాడు. గొలుసులో చివర ఉన్న ఇద్దరికీ, అమ్మినవాడికీ కొన్నవాడికీ తెలియని విషయం పైనున్న కంపెనీకీ ఓటీటీకీ తెలుసు. చట్టం వెళ్లాల్సింది అక్కడికి.

ఈసారి ఎల్‌1 ఉందో లేదో, మేం చూసే యాప్‌ల ధ్రువీకరణ ఉందో లేదో ముందే కనుక్కుని వేరే బాక్స్ తెచ్చాను. అదే పాత టీవీ, అదే ప్లాన్, అదే పదడుగుల దూరం. సినిమా మొదలైన కాసేపటికి నాన్న కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "అయితే కన్ను బాగానే ఉందన్నమాట" అన్నారు. మూడు నెలలుగా ఆయన మోసిన ఆ అనుమానాన్ని ఏ ఫిర్యాదు ఫారంలోనూ నష్టంగా రాయలేం. అట్ట మీద ఒక్క అంకె నిజాయితీగా ఉండి ఉంటే అది పుట్టేదే కాదు.

అభ్యాస ప్రశ్న: "డిజిటల్ మార్కెట్‌లో వినియోగదారుడికి ఎంపికలు పెరిగాయి, ఎంచుకునే శక్తి పెరగలేదు." తగిన ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)